మన కోసం చీర గార్డు ఒక్కటేనా?

బండి కొనడానికి షోరూముకి వెళ్లిన రోజు ముచ్చట ముందు చెప్పాలి. డబ్బు నాది, లైసెన్సు నాది, కాగితాల మీద రాయబోయే పేరూ నాదే. మావారికి గేర్ల బండి నడపడం రాదు. స్కూటరే ఆయన లోకం. అయినా సేల్స్ కుర్రాడు గంటసేపూ ఆయన మొహంలోకే చూస్తూ మాట్లాడాడు. ఇంజను ఎన్ని సీసీలు, ఎంత స్పీడు లాగుతుంది, ట్యాంకు నింపితే ఎంత దూరం పోతుంది, అన్నీ ఆయనకే చెప్పాడు. ఆయనేమో పాపం గోడ మీద క్యాలెండరు చూస్తున్నారు. ఆఖర్న ఆ కుర్రాడు నా వంక తిరిగి, "మేడమ్, మీకోసం చీర గార్డు ఫ్రీగా వేయిస్తాం" అన్నాడు.

ఆ "ఫ్రీ" అన్న మాటకి నవ్వొచ్చింది. వెనక కూర్చున్నవారి బట్టలు చక్రంలో పడకుండా, చక్రాన్ని సగానికి తక్కువ కాకుండా కప్పే ఏర్పాటు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెబుతోంది. పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు కూడా అందులోవే. అంటే ఎవరో దయతలచి ఇచ్చేది కాదన్నమాట. మంచి నిబంధనే, కాదనను. కొంగో చున్నీయో చక్రంలో చిక్కుకుని ప్రాణం మీదికొచ్చిన సంగతి వినని ఊరుందా? నా బండికి ఈనాటికీ ఆ గార్డు ఉంది. నా గొడవల్లా ఒకటే. ఆడది అనగానే బండ్లు తయారుచేసేవాళ్లకి వెనక సీటు, దాని పక్కన ఇనప చట్రం తప్ప ఇంకేం గుర్తుకు రావా? ముందు సీట్లో ఆమే కూర్చుంటే బరువెంత, పాదమెంత, చెయ్యెంత అని ఒక్కరైనా అడిగిన పాపాన పోయారా?

నాది స్పోర్ట్ టూరింగ్ రకం బండి. తెలియనివారి కోసం రెండు ముక్కలు చెబుతాను. రేసు బండి అయితే ట్యాంకు మీదికి బోర్లా వాలాలి. క్రూయిజర్ అయితే పడక్కుర్చీలోలా కాళ్లు చాపుకోవాలి. ఇది రెంటికీ మధ్యది. కాస్త ముందుకి వంగి కూర్చోవడం, గాలి గుండెకి కొట్టకుండా ముందొక అద్దం, పక్కన రెండు సంచులు. పొద్దున టిఫిన్ హైదరాబాద్‌లో చేసి, రాత్రి భోజనానికి విశాఖ చేరొచ్చన్న ధీమా ఇస్తుంది. బండి బరువు 190 కిలోల దాకా ఉంటుంది. నేను 52 కిలోలు, ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. ఈ అంకెలు గుర్తుంచుకోండి, కథంతా వాటి చుట్టూనే.

కొన్న ఆర్నెల్లకి నడుం నొప్పి మొదలైంది. మా ఇంటి నుంచి ఆఫీసుకి 14 స్పీడు బ్రేకర్లు. ఒక్కొక్కటీ నా వెన్నుపూసలు లెక్కపెట్టుకుంటూ పోయేది. డాక్టరు గారు ఎక్స్‌రే ఎత్తి చూసి, "ఏం లేదమ్మా, ఈ వయసులో బండెందుకు? కారులో వెళ్లండి" అన్నారు. నా వయసు 44. అదే వయసు మగవాడికి ఆ సలహా ఇస్తారా అని అడగబోయి, ఫీజు కట్టేసి వచ్చేశాను.

ఆ తర్వాత 2022 కార్తీకంలో మా అమ్మాయిని వెనక కూర్చోబెట్టుకుని శ్రీశైలం బయల్దేరాను. మన్ననూరు దాకా బాగానే ఉంది. నల్లమలలో పొద్దున్నే ఆ చల్లగాలికి నడుం నొప్పి కూడా మర్చిపోయాను. ఈగలపెంట దాటి ఆనకట్ట వైపు దిగుతుంటే ఒక వంపులో రోడ్డుకి అతుకులు వేసి ఉన్నాయి. మొదటి అతుకు మీద ఎగిరిన వెనక చక్రం రెండోది వచ్చేసరికి ఇంకా కుదురుకోలేదు. మళ్లీ ఎగిరింది. బండి మూడడుగులు కుడికి జరిగింది. ఎదురుగా బస్సు. డ్రైవరు పుణ్యాత్ముడు, ముందే నెమ్మదించాడు కాబట్టి బతికిపోయాం. అమ్మాయి నా భుజాలు వదల్లేదు, నోరు తెరవలేదు. సున్నిపెంటలో టీ తాగుతున్నప్పుడు మాత్రం, "అమ్మా, బండి మనల్ని విసిరేద్దామనుకుందా?" అంది.

ఇంటికొచ్చి చెబితే అందరిదీ ఒకటే మాట: సర్దుకోవాలి. మావారు, "మెల్లగా పో, సర్దుకుంటుంది" అన్నారు. సర్వీసు సెంటరులో, "బండి కొత్త కదా మేడమ్, మీ ఒంటికి అలవాటు కావాలి" అన్నారు. పక్కింటి పిన్నిగారు, "ఆడ పుట్టుక పుట్టాక దేనికైనా సర్దుకోవాలి కదమ్మా" అని కాఫీ ఇచ్చారు. పుట్టింట్లో, అత్తింట్లో, ఆఫీసులో, బస్సులో సర్దుకుంటూ వచ్చినదాన్ని. చివరికి స్వంత డబ్బుతో కొనుక్కున్న ఇనప ముక్కకి కూడా నేనే సర్దుకోవాలా అని కడుపు మండింది.

కళ్లు తెరిపించింది పాతబస్తీలో ఒక మెకానిక్ భాయ్. బండి చూడలేదు, నన్ను చూశాడు. "అమ్మా, మీ బరువెంత?" అన్నాడు. ఇంకెవరైనా అడిగితే కోపమొచ్చే ప్రశ్నే. "కంపెనీ స్ప్రింగు ఇద్దరు మగాళ్లని, సామాన్లని మొయ్యాలని పెడతారు. మీరు ఒక్కరే కూర్చుంటే అది నొక్కుకోదు. రోడ్డు దెబ్బంతా మీ నడుమే తింటుంది. ఇంటికెళ్లి కొలతలు తీసి తీసుకురండి" అన్నాడు.

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, ఇది తెలిస్తే ఎవరూ మనల్ని మోసం చెయ్యలేరు. మనం బండెక్కి కూర్చుంటే స్ప్రింగు కొంత కుంగుతుంది. మెకానిక్కులు దీన్ని సాగ్ అంటారు. పేరు సాగ్ అయినా పని కుంగడమే. మామూలు రోడ్డు బండికి చక్రం పైకీ కిందికీ కదిలే దూరంలో మూడోవంతుకి కాస్త అటూఇటూగా, అంటే సుమారు 30 నుంచి 35 మిల్లీమీటర్లు కుంగాలని లెక్క. అలా కుంగితేనే గుంట వచ్చినప్పుడు చక్రం కిందికి దిగి నేలని పట్టుకుంటుంది, గట్టు వచ్చినప్పుడు పైకి పోతుంది.

ఆదివారం పూట అపార్టుమెంటు పార్కింగులో కొలతల కార్యక్రమం పెట్టాం. మావారూ వాచ్‌మనూ వెనక భాగాన్ని చక్రం గాలిలోకి లేచేదాకా ఎత్తారు. కొలిచేది అమ్మాయి. టేపు రెండో కొస పట్టుకోవడానికి మనిషి లేక అత్తయ్యని పిలిచాను. "ఆడపిల్లకి ఇదేం పోయేకాలం" అని సంవత్సరంగా సణుగుతున్న అత్తయ్య, చెంగు బొడ్లో దోపి వచ్చి, పాత క్యాలెండరు కాగితం వెనక అంకెలు కూడా తనే రాసింది. చక్రం ఇరుసు నుంచి సీటు కింద బోల్టు దాకా బండి ఎత్తినప్పుడు 560 మిల్లీమీటర్లు. నేల మీద నిలబెడితే 548. నేను ఎక్కి కూర్చుంటే 539. అంటే నా బరువుకి మొత్తం కుంగింది 21 మిల్లీమీటర్లే. అదీ స్ప్రింగు బిగింపుని అన్నిటికన్నా వదులు మెట్టులో పెట్టి! "ఇదేమిటే, నువ్వెక్కినా ఎక్కకపోయినా దానికి తేడానే తెలీడం లేదు" అంది అత్తయ్య. అంతకన్నా బాగా ఏ ఇంజనీరూ చెప్పలేడు.

ఈ బిగింపు గురించి మగపిల్లల్లోనే బోలెడు అపోహ ఉంది. దాన్ని ప్రీలోడ్ అంటారు. కొంకి స్పానరుతో తిప్పి బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని, వదిలితే మెత్తబడుతుందని అనుకుంటారు. కాదండీ. లంగా బొందు బిగిస్తే లంగా పైన నిలుస్తుందే గాని గుడ్డ మందం మారుతుందా? ఇదీ అంతే. బండి కాస్త పైకో కిందికో నిలుస్తుంది. స్ప్రింగు గట్టిదనం గట్టిదనంలాగే ఉంటుంది. వదులు మెట్టులోనూ చాలినంత కుంగకపోతే గుడ్డే మార్చాలి.

మార్చాను. వెనక షాక్ అబ్జార్బరు మొత్తం, ముందు ఫోర్కులో స్ప్రింగులు, ఆయిలు. స్వీడన్‌లో 1976లో పుట్టిన ఓలిన్స్ పేరు ఈ లోకంలో పట్టుచీరల్లో కంచి పేరు లాంటిది. ధర కూడా అలాగే ఉంటుంది. థాయ్‌లాండ్ నుంచి వచ్చే వైఎస్ఎస్ లాంటివి దానికన్నా అందుబాటులో ఉంటాయి. ఏది కొన్నా మన బరువు చెప్పి, దానికి తగిన స్ప్రింగు అడిగి తీసుకోవాలి. పేరు చూసి కొని, స్ప్రింగు మాత్రం ఎనభై కిలోల మనిషిది బిగించుకుంటే మళ్లీ మొదటికే వస్తాం. ఎంత మంచి గుడ్డయినా ఎవరి కొలతలతోనో కుట్టిన జాకెట్టు మనకి పడుతుందా? నాకు అన్నీ కలిపి 46 వేలయ్యాయి.

కొత్తదానికి రెండు మరలున్నాయి. ఒకటి చేత్తో తిప్పే ప్రీలోడ్ మర. అమ్మాయి, సంచులు ఎక్కినప్పుడు బిగిస్తాను, ఒక్కదాన్నే పోతే వదులుతాను. స్పానరు, నల్లటి చేతులు అక్కర్లేదు. రెండోది నొక్కుకున్న స్ప్రింగు ఎంత తొందరగా వెనక్కి లేవాలో చెప్పే మర. దాన్ని రీబౌండ్ అంటారు. స్ప్రింగు దాచుకున్న బలమంతా ఒక్కసారిగా విసిరేస్తుంది కదా, లోపల నూనె సన్నటి కన్నాల్లోంచి దూరుతూ ఆ విసురుని ఆపుతుంది. నాకు శ్రీశైలం దారిలో జరిగింది అదే. గట్టి స్ప్రింగు, దాన్ని పట్టి ఉంచలేని నూనె కలిసి చక్రాన్ని వేడి నూనెలో ఆవగింజని చేశాయి. ఈ మరని ఒక్కసారిగా తిప్పేయకూడదు. రెండేసి టిక్కులు తిప్పడం, అదే రోడ్డు మీద మళ్లీ పోవడం, పుస్తకంలో రాసుకోవడం. నాలుగు ఆదివారాలు పట్టింది. కూర ఉప్పు చూసినట్టే.

ఇక గేర్ల సంగతి. ఇందులో నా తెలివితక్కువతనం ఒప్పుకోవాలి. ఎడమ చెయ్యి క్లచ్చి నొక్కీ నొక్కీ పట్టేస్తోందని ఒక దుకాణంలో చెప్పుకుంటే, క్విక్ షిఫ్టరు పెట్టించుకోండి, క్లచ్చి పట్టే పనే ఉండదు అన్నారు. 14 వేలు పోశాను. గేరు కడ్డీ మీద కాలి ఒత్తిడి పడగానే అది ఇంజనుకి మంటని రెప్పపాటు ఆపుతుంది, ఆ సందులో గేరు పడుతుంది. వినడానికి బాగానే ఉంది. కానీ అది హాయిగా పనిచేసేది ఇంజను జోరు మీద, యాక్సిలరేటరు తిప్పి ఉన్నప్పుడు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి పంజాగుట్ట దాకా ఒకటో గేరు, రెండో గేరు, మళ్లీ ఒకటి అంటూ పాకే మనిషికి అది కుదుపులు తప్ప ఇంకేం ఇవ్వదు. బండి ఆగేటప్పుడు, కదిలేటప్పుడు క్లచ్చి ఎలాగూ పట్టాల్సిందే. నాలుగు నెలలకి ఒక కాలేజీ కుర్రాడికి సగం ధరకి అమ్మేశాను. వాడు వంగి దండం పెట్టి మరీ తీసుకెళ్లాడు.

అసలు జబ్బు వేరేచోట ఉంది. నా చెప్పు సైజు 5. ఫుట్‌రెస్టు మీద పాదం పెడితే వేళ్లు గేరు కడ్డీ కొసకి అందడం లేదు. గేరు వేసినప్పుడల్లా కాలు మొత్తం లేపి ముందుకు జరిపి, మళ్లీ వెనక్కి తెచ్చుకునేదాన్ని. ఆ అలవాటులో నడుం కూడా ఒక పక్కకి ఒరిగేది. కొస ముందుకీ వెనక్కీ జరిగే గేరు కడ్డీ 1,800 రూపాయలు. దాన్ని దగ్గరికి జరిపాను. బూట్లు వేసుకుంటే పాదం మందం పెరుగుతుంది కాబట్టి కొంచెం పైకి ఎత్తాను. ఎత్తు మార్చడానికి దమ్మిడీ ఖర్చు లేదు. సన్నటి కడ్డీకి రెండు చివరలా నట్లుంటాయి, వాటిని వదిలి కడ్డీని తిప్పడమే. ఒక్క మాట, చాలా బండ్లలో ఆ రెండింట్లో ఒక నట్టు మర ఉల్టాగా ఉంటుంది. తెలియక బలం ఉపయోగించి నేనొకటి విరగ్గొట్టాను. క్లచ్చి, బ్రేకు పిడులు కూడా వేళ్లకి దగ్గరగా జరుపుకునేవి పెట్టించాను. అయిదారు వేల రూపాయల్లో చెయ్యి నొప్పి తీరింది. 14 వేల క్విక్ షిఫ్టరు చెయ్యలేని పని!

పొట్టివాళ్లం కదా, మనకి దుకాణాల్లో మొదట చెప్పేది "బండి కిందికి దింపేద్దాం మేడమ్" అని. ఈ మాటకి నేను వ్యతిరేకిని. వెనక లింకు మార్చి బండిని దింపితే అడుగు భాగం స్పీడు బ్రేకర్లకి తగులుతుంది. వెనక ఒక్కటే దింపితే హ్యాండిలు మలుపు బద్ధకిస్తుంది. సైడ్ స్టాండు పొడవు ఎక్కువైపోయి బండి నిటారుగా నిలబడి అటు పక్కకి పడిపోయే ప్రమాదం ఉంది. సీటు స్పాంజి కాస్త చెక్కించుకుని, ఆగేటప్పుడు ఒక కాలే గట్టిగా ఆనించడం నేర్చుకోవడం మేలు. రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాలన్న నియమం ఎక్కడా లేదు.

ఇక ఖర్చు మీద వచ్చిన మాటలు. మా అమ్మ ఫోనులో, "ఆ డబ్బుతో నాలుగు కాసుల... పోనీ ఒక కాసైనా వచ్చేది కదే" అంది. నిజమే, కొనుంటే ఈపాటికి ధర పెరిగేది. కానీ నాకు తెలిసిన ఇంట్లోనే, కొడుకు చెవులు చిల్లులుపడే సైలెన్సరు అడిగితే తల్లి చీటీ పాడి మరీ ఇచ్చింది. అదేమిటంటే "కుర్రాడి సరదా" అన్నారు. సరదా కోసం మగపిల్లాడు పెడితే ముచ్చట, నడుం కోసం ఆడమనిషి పెడితే దుబారానా? నా జవాబు అమ్మకి నచ్చలేదు. నచ్చాలని నేనూ అనుకోలేదు.

ఆడవాళ్లకి యంత్రాలు వంటబట్టవనేవారికి బియాట్రిస్ షిల్లింగ్ పేరు చెప్పాలనిపిస్తుంది. ఇంగ్లండు ఇంజనీరు. తన నార్టన్ మోటారు సైకిల్‌ని తనే విప్పి, మార్చి, 1934లో బ్రూక్‌లాండ్స్ పందెం బాట మీద గంటకి 100 మైళ్లు దాటించి గోల్డ్ స్టార్ సంపాదించింది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానం ముక్కు వంచి దూకినప్పుడు మెర్లిన్ ఇంజను ఆగిపోతుంటే, చిన్న లోహపు బిళ్లతో ఆ లోపాన్ని అదుపు చేసింది కూడా ఆవిడే. అంత దూరం దేనికి, 2018లో మన హైదరాబాద్ నుంచి జై భారతి మరో ముగ్గురు మహిళలతో కలిసి మోటారు సైకిళ్ల మీద మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాంల మీదుగా దాదాపు 17 వేల కిలోమీటర్లు తిరిగి వచ్చింది. వాళ్లెవరినీ చీర గార్డు గురించి అడిగి ఉండరు.

జాగ్రత్తలూ చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను కాగితంలోని వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. అందుకని చక్రాల సైజు, ఇంజను, రంగు లాంటివాటి జోలికి ఇష్టం వచ్చినట్టు పోకండి. షాక్ అబ్జార్బర్లు మార్చేముందు కూడా వారంటీ, బీమా షరతులు చదివి, వాళ్లని రాతపూర్వకంగా అడగండి. తీసేసిన కంపెనీ భాగాలు పారెయ్యకండి. నావి పాత దుప్పట్లో చుట్టి అటక మీద, ఆవకాయ జాడీల పక్కన ఉన్నాయి. అన్నిటికన్నా ముందు, ఒక్క రూపాయి ఖర్చు పెట్టకముందు, టేపు పట్టుకుని కొలవండి. కొందరికి మెట్టు మారిస్తేనే సరిపోతుంది, కొత్తదే అక్కర్లేదు. ఆ మాట దుకాణంవాళ్లు మీతో చెప్పరు.

నడుం నొప్పి పూర్తిగా పోయిందని కోతలు కొయ్యను. రెండు వందల కిలోమీటర్లు దాటితే పలకరిస్తుంది. దిగి, నాలుగడుగులు నడిచి, మళ్లీ ఎక్కుతాను. కిందటి ఏడు అదే దారిలో శ్రీశైలం వెళ్లాం. ఈగలపెంట దాటాక అదే వంపు, అవే అతుకులు. ఊపిరి బిగబట్టాను. బండి ఒకసారి కుంగి, లేచి, ఊరుకుంది. వెనక నుంచి అమ్మాయి, "అయిపోయిందా?" అంది.

మొన్న దానికీ లైసెన్సు వచ్చింది. బరువు 58, పాదం సైజు 7. నా గేరు కడ్డీ దానికి మరీ దగ్గరైపోతోందిట. ఈ మాట వినగానే అత్తయ్య టేపు ఎక్కడ పెట్టానా అని వెతుకుతోంది.